రోజంతా రాసే సర్వర్‌కు ఏ ఎస్‌ఎస్‌డీ మేలు?

డేటాబేస్ సర్వర్‌కు ఎస్‌ఎస్‌డీ కొనాలంటే చాలామంది ముందు వేగం చూస్తారు. రాసేకొద్దీ ఎస్‌ఎస్‌డీలోని ఫ్లాష్ మెమరీ అరుగుతుంది కాబట్టి, నేను మాత్రం ఆ సర్వర్ రోజుకు ఎంత రాస్తోందని అడుగుతాను. ఎక్కువసార్లు వచ్చే జవాబు ‘చాలా రాస్తుందండీ’ అని. ఆ ‘చాలా’ను టెరాబైట్లలో చెప్పగలిగితేనే ఏ డ్రైవ్ మేలో తేలుతుంది.

కొలవడం పెద్ద పనేమీ కాదు. సర్వర్లలో వాడే ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ లాగ్ తెరిస్తే ‘డేటా యూనిట్స్ రిటెన్’ అనే అంకె కనిపిస్తుంది. ఒక్కో యూనిట్ 5,12,000 బైట్లు. సోమవారం పొద్దున ఒకసారి, మళ్లీ సోమవారం అదే వేళకు ఇంకోసారి ఆ అంకె రాసిపెట్టుకోండి. తేడా 10 కోట్ల యూనిట్లు వచ్చిందనుకుందాం. వారానికి 51.2 టీబీ, అంటే రోజుకు సుమారు 7.3 టీబీ. నెలాఖరులో భారీ పనులు నడిచే సర్వరైతే నెలంతా చూడాలి.

ఇక డ్రైవ్ స్పెసిఫికేషన్లలో ఉండే డీడబ్ల్యూపీడీ (డ్రైవ్ రైట్స్ పర్ డే) సంగతి. వారంటీ ఉన్నన్నాళ్లూ రోజుకు డ్రైవ్ మొత్తాన్ని ఎన్నిసార్లు నింపవచ్చో చెప్పే లెక్క అది. డేటా సెంటర్ డ్రైవ్‌లలో ఎక్కువగా దొరికేవి 1, 3 రకాలు. వాటిపైన, ఒక్కో మెమరీ సెల్‌లో ఒకే బిట్ దాచే ఎస్‌ఎల్‌సీ డ్రైవ్‌లు 35 మొదలుకొని 60కి పైగా వెళ్తాయి. ఈ అంకెను ఒంటరిగా చూస్తేనే మోసపోతాం, దాన్ని ఎప్పుడూ కెపాసిటీతో గుణించాలి. 3.84 టీబీ డ్రైవ్ 1 డీడబ్ల్యూపీడీతో రోజుకు 3.84 టీబీ మోస్తుంది. మన 7.3కి అది చాలదు. 3.2 టీబీ డ్రైవ్ 3 డీడబ్ల్యూపీడీతో 9.6 టీబీ మోస్తుంది. 7.68 టీబీ డ్రైవ్ 1 డీడబ్ల్యూపీడీతోనే 7.68 టీబీ మోస్తుంది, బొటాబొటిగా. కాబట్టి అసలు పోటీ ఈ చివరి రెండింటి మధ్యే.

చిత్రమేమిటంటే 3.84, 3.2 టీబీ డ్రైవ్‌లు చాలాసార్లు ఒకే హార్డ్‌వేర్. శామ్‌సంగ్ పీఎం1733, పీఎం1735 అలాంటి జతే. మొదటిది 1 డీడబ్ల్యూపీడీ, రెండోది 3. తేడా అంతా వాడకానికి ఇవ్వకుండా లోపల అట్టిపెట్టిన ఫ్లాష్‌లో ఉంది. ఫ్లాష్‌లో ఉన్నచోటే తిరగరాయడం కుదరదు. డ్రైవ్‌ను నడిపే చిప్ (కంట్రోలర్) కొత్త పేజీలో రాసి, పాతదాన్ని చెల్లనిదిగా గుర్తు పెట్టి, తర్వాత బ్లాక్‌లో (చాలా పేజీల గుంపు) ఇంకా పనికొచ్చే డేటాను వేరేచోటికి తరలించి బ్లాక్ మొత్తాన్ని చెరిపేస్తుంది. ఆ తరలింపు కూడా రాతే. మనం ఒక టీబీ రాస్తే లోపల మూడు టీబీలు పడొచ్చు. దీన్నే రైట్ యాంప్లిఫికేషన్ అంటారు. ఖాళీ ఎక్కువ ఉన్నకొద్దీ తరలింపు తగ్గుతుంది, అరుగుదలా తగ్గుతుంది. చదివే రిక్వెస్టులు చెరిపే పని వెనక ఇరుక్కోవడం కూడా తగ్గుతుంది.

అందుకే 7.68 టీబీ కొని, పూర్తిగా ఫార్మాట్ చేసి, 6.4 టీబీకే నేమ్‌స్పేస్ (సర్వర్‌కు కనిపించే భాగం) కట్టుకునే దారి నాకు ఇష్టం. 3.2 టీబీ డ్రైవ్‌కు రెట్టింపు చోటు వస్తుంది, రాతలను తట్టుకునే ఓర్పూ పెరుగుతుంది. అయితే వారంటీ కాగితం మీద అంకె మారదు, అది 1 డీడబ్ల్యూపీడీగానే ఉంటుంది. అందుకే, అక్కడక్కడా విడివిడిగా పడే చిన్న చిన్న రాతలు (రాండమ్ రైట్లు) పగలూ రాత్రీ వచ్చే ఆర్డర్ల డేటాబేస్‌కు, నేనైతే 3 డీడబ్ల్యూపీడీ ఉన్న 3.2 టీబీయే తీసుకుంటాను. రోజుకు రెండు టీబీలకు పైగా ఎడం ఉంది, ఏడాదికి లోడ్ పెరిగినా నిద్ర పడుతుంది. అదే 7.3 టీబీ, మెసేజ్‌లను ఒకదాని తర్వాత ఒకటిగా లాగ్‌లో చేర్చుకుంటూ పోయే కాఫ్కా లాంటి వరుస రాతలైతే మాట వేరు. అక్కడ యాంప్లిఫికేషన్ ఒకటికి దగ్గరగా ఉంటుంది, 1 డీడబ్ల్యూపీడీ డ్రైవ్ తన రేటింగ్‌కు మించే పని చేస్తుంది. ఎందుకంటే ఆ రేటింగ్ ఇచ్చేది మెమరీ ప్రమాణాల సంస్థ జెడెక్ వాళ్ల ఎంటర్‌ప్రైజ్ వర్క్‌లోడ్ మీద, అందులో ఎక్కువ భాగం చిన్న రాండమ్ రాతలే. కాసాండ్రా, రాక్స్‌డీబీ లాంటి డేటాబేస్‌లలో పాత ఫైళ్లను కలిపి కొత్తవి రాసే కంపాక్షన్ వల్ల డేటా మళ్లీ మళ్లీ రాయబడుతుంది. మీరు అప్లికేషన్ దగ్గర కాక డ్రైవ్ దగ్గర కొలిచారు కనుక అది లెక్కలోకి వచ్చేసినట్టే.

ఎస్‌ఎల్‌సీ ఎప్పుడు? సొలిడైమ్ డీ7-పీ5810 800 జీబీ డ్రైవ్‌కు రాండమ్ రాతల్లో 50 డీడబ్ల్యూపీడీ ఉంది. అంటే రోజుకు 40 టీబీ. మైక్రాన్ ఎక్స్‌టీఆర్‌కు రాండమ్‌లో 35, వరుస రాతల్లో 60. సెల్‌కు ఒకే బిట్ కాబట్టి గుర్తుపట్టాల్సిన స్థాయిలు రెండే, సెల్‌కు మూడు బిట్లుండే టీఎల్‌సీలో ఎనిమిది. ఈ ఓర్పంతా అందులోంచే వచ్చింది. కానీ చోటు చిన్నది. దీన్ని ప్రధాన స్టోరేజ్‌గా కాక, డేటాబేస్ మార్పులను ముందుగా రాసుకునే రైట్-అహెడ్ లాగ్‌కో, సెల్‌కు నాలుగు బిట్లుండే క్యూఎల్‌సీ డ్రైవ్‌ల ముందు క్యాష్‌గానో వాడాలి. మన 7.3 టీబీ సర్వర్‌కు ఇది అవసరానికి మించిందే.

ఫ్లాష్ కాకుండా వేరే రకం మెమరీ వాడే ఇంటెల్ ఆప్టేన్ పీ5800ఎక్స్ 100 డీడబ్ల్యూపీడీతో వీటన్నిటినీ మించింది. ఇంటెల్ ఆ వ్యాపారాన్ని 2022 జూలైలో ఆపేస్తున్నట్టు చెప్పింది. పాత సర్వర్లలో ఉంటే వాడుకోండి, కొత్త డిజైన్‌లో మాత్రం పెట్టకండి.

మామూలు పీసీ డ్రైవ్ గురించి రెండే మాటలు. కరెంటు పోయినప్పుడు బఫర్‌లో ఉన్నదాన్ని కాపాడే కెపాసిటర్లు వాటిలో సాధారణంగా ఉండవు, అందుకే ప్రతి ఎఫ్‌సింక్‌కూ (డేటా డ్రైవ్‌లో పక్కాగా పడిందని నిర్ధారించమనే ఆదేశం) డేటాబేస్ ఆగుతుంది. జెడెక్ లెక్కలో కూడా వాటి పని రోజుకు 8 గంటలే, సర్వర్ డ్రైవ్‌కు 24.

కొన్నాక అదే స్మార్ట్ లాగ్‌లో చూడాల్సింది ‘పర్సంటేజ్ యూజ్డ్’, అంటే డ్రైవ్ ఆయుష్షులో ఎంత శాతం వాడేశామో చెప్పే అంకె. అది 100 దాటితే డ్రైవ్ వెంటనే చచ్చిపోదు, ఆ లెక్క 255 దాకా వెళ్తుంది. కానీ పవర్ తీసేశాక 40 డిగ్రీల దగ్గర మూడు నెలలు డేటా నిలుస్తుందన్న భరోసా అక్కడితో అయిపోతుంది. ఒక సర్వర్‌లో మిర్రర్‌గా (రెండింటిలోనూ ఒకే డేటా ఉండేలా) పెట్టిన జత రెండింటిలోనూ ఒకేరోజు 97 చూశాను. ఒకే రోజు పెట్టాం, ఒకే డేటా రాశాం, ఒకేలా అరిగాయి. ఒకటి పోయి, కొత్తదానిలోకి డేటా మళ్లీ కాపీ చేసే రీబిల్డ్ మొదలైతే ఆ భారమంతా అంతే అరిగిన రెండోదాని మీదే పడుతుంది. అప్పటినుంచి కొత్త జత పెట్టిన ఆరు నెలలకు ఒకదాన్ని తీసి స్పేర్‌లో ఉంచి, కొత్తదాన్ని దాని స్థానంలో పెడుతున్నాను. 80 దగ్గర అలర్ట్ వస్తుంది, అప్పుడే ఆర్డర్ పెడతాం.