హాన్లే మిల్కీవే టూర్‌కి డబ్బు పంపబోతున్నారా? ముందు ఇది చదవండి

ఎవరైనా డబ్బు పంపేవాళ్ళుంటే ఇవాళ్టికి ఆగండి. హైదరాబాద్ నుంచి లద్దాఖ్‌లోని హాన్లేకి మిల్కీవే (పాలపుంత) ఫొటోగ్రఫీ టూర్లు నడిపే ఆయన చుక్కల అమావాస్య బ్యాచ్ అని మళ్ళీ పోస్టరు వేశాడు, అడ్వాన్సులు కూడా తీసుకుంటున్నాడు. ఎవరి గురించి చెబుతున్నానో గ్రూపుల్లో తిరిగేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. లేహ్‌లో ఉండగానే ఫిర్యాదు పెట్టాను కాబట్టి పేరు ఇక్కడ రాయడం లేదు. నిన్న రాత్రే ఇంటికి చేరాను. ఒంట్లో ఓపిక లేదు, కోపం మాత్రం దిగలేదు.

ముందు జరిగింది గబగబా చెప్పేస్తాను. తలా 62 వేలు, విమానం టికెట్లు ఎవరివి వాళ్ళవే. మేం కట్టింది జ్యేష్ఠ అమావాస్య బ్యాచ్‌కి. హాన్లేలో రెండు రాత్రులు, చంద్రుడు లేని ఆకాశం, పక్కన నిలబడి నేర్పించే లీడరుగా ఆయనే. ఇదీ మాట. తీరా ప్రయాణం దగ్గరపడ్డాక వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. హాన్లే దారిలో న్యోమా దగ్గర రోడ్డు మూసేశారట, బ్యాచ్‌ని పది రోజుల తర్వాతికి మారుస్తున్నాడట. టికెట్లు మార్చుకున్న ఖర్చూ మాదే.

పంచాంగం చూస్తే కొత్త తేదీల్లో హాన్లే రాత్రి సరిగ్గా తొలి ఏకాదశి. రాత్రి ఆకాశం తీసేవాళ్ళకి దీని అర్థం తెలుసు, వెన్నెల్లో మిల్కీవే సరిగా పడదు. హాన్లే అంటే మామూలు ఊరు కాదు. సుమారు 4,300 మీటర్ల ఎత్తున, చైనా సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది. ఊరి పక్కన దిగ్‌పా రట్సా రి కొండ మీద, 4,500 మీటర్ల ఎత్తులో, రెండు మీటర్ల అద్దంతో హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ ఉంది. 2022 డిసెంబరులో ఆ చుట్టుపక్కల 1,073 చదరపు కిలోమీటర్లను డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. అక్కడివాళ్ళు కిటికీలకు మందపాటి కర్టెన్లు కడతారు, బయటి దీపాలకు మూతలు పెడతారు, రాత్రిపూట బండి హెడ్‌లైట్లు దించుకుంటారు. అంత జాగ్రత్తగా కాపాడుకుంటున్న చీకటిలోకి ముప్పాతికకు పైగా వెలిగే చంద్రుడున్న రాత్రి చూసి మమ్మల్ని తీసుకెళ్ళాడు.

అడిగాం. అందరం అడిగాం. ఇదిగో జవాబు, నా ఫోన్లో వాయిస్ మెసేజ్ అలాగే ఉంది: "రెండింటికల్లా చంద్రుడు కొండల వెనక్కి దిగిపోతాడు. మూడున్నర దాకా చిమ్మచీకటి. ఆ గంటన్నర మొత్తం మీదే. బండి రెడీగా ఉంటుంది, గొంపా ఫోర్‌గ్రౌండ్‌గా పెట్టి ఒక్కొక్కరికీ నేనే ఫ్రేమ్ సెట్ చేయిస్తా." లెక్క తప్పేం కాదు. ఆ వేళకి మిల్కీవే నడిబొడ్డు నైరుతి దిక్కున కిందికి వాలిపోయి ఉంటుంది గానీ, గొంపా, అంటే అక్కడి బౌద్ధ మఠం, ఉన్న కొండ మీదుగా దాన్ని పట్టుకోవచ్చు. నడినెత్తిన హంస నక్షత్రమండలం వైపు మిల్కీవే పాయ కూడా ఉంటుంది. ఆ గంటన్నర కోసమే వెళ్ళాం.

లేహ్ సంగతి రెండు ముక్కల్లో. 3,500 మీటర్ల ఎత్తుకు విమానంలో దిగాక కనీసం రెండు రోజులు కదలకుండా ఉండాలని అక్కడి ఆస్పత్రిలో అడిగినా చెబుతారు. ఈయన రెండో రోజు పొద్దున్నే 5,300 మీటర్లు దాటిన చాంగ్ లా కనుమ ఎక్కించి పాంగాంగ్ సరస్సుకి తోలుకెళ్ళాడు. బండిలో ఆక్సిజన్ సిలిండర్ ఉందన్నాడు. ఉంది, ముల్లు సున్నా మీద ఉంది.

మాతో రాజమహేంద్రవరం నుంచి ఒక మాస్టారు వచ్చారు. డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయ్యారు. సెకండ్ హ్యాండ్‌లో ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొనుక్కుని, దానికొక 14 ఎం.ఎం. లెన్సు అద్దెకు తెచ్చుకున్నారు. పాంగాంగ్ దగ్గర తలనొప్పితో రాత్రంతా కూర్చునే ఉన్నారు. "హాన్లేకి తగ్గిపోతుందిలే బాబూ" అని మాకే ధైర్యం చెప్పారు. నిజంగానే తగ్గింది.

హాన్లేలో ఆ రాత్రి ఒంటిగంటన్నరకే లేచాం. జూలైలో కూడా వేళ్ళు కొంకర్లు పోయే చలి. హెడ్‌ల్యాంపులు ఎర్ర లైటులో పెట్టుకుని, ట్రైపాడ్లు బిగించుకుని, హోమ్‌స్టే గుమ్మం ముందు నిలబడ్డాం. చంద్రుడు కొండ అంచుకి వచ్చాడు. కాసేపట్లో దిగిపోయాడు. ఒక్కసారిగా ఆకాశం తెరుచుకుంది. ఆ క్షణాన ఎవరికీ మాట రాలేదు.

బండి కదల్లేదు. డ్రైవరు లోపల దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. లద్దాఖీ కుర్రాడు, అతన్ని అనడానికి ఏమీ లేదు. "నాకు రాత్రి డ్యూటీ చెప్పలేదు సార్. ఐదింటికి ఉమ్లింగ్ లా అన్నారు, పడుకోమన్నారు. తాళం ఆయన దగ్గరే ఉంది" అన్నాడు.

లీడరు గది తలుపు తట్టాం. పలకలేదు. మళ్ళీ తట్టాం. మూడోసారి మాస్టారే ముందుకొచ్చి, మెల్లగా, "బాబూ, చంద్రుడు దిగిపోయాడు, బయల్దేరదామా?" అన్నారు.

తలుపు తెరవకుండానే లోపల్నించి వచ్చిన మాట ఇది. మాకందరికీ వినపడింది. "అంకుల్, ఈ వయసులో మీకు మిల్కీవే ఎందుకు? పడుకోండి. అంత కావాలంటే నా రా ఫైల్ ఒకటి ఇస్తా, మీ పేరు వేసుకోండి."

రా ఫైల్ అంటే కెమెరాలోంచి వచ్చిన అసలు ఫొటో. నాకు డబ్బు కంటే, అమావాస్య కంటే, ఈ మాటే మింగుడు పడడం లేదు. బొమ్మలు వేయడం పిల్లలకు నేర్పుతూ బతికిన మనిషి ఆయన. అవతలివాడి బొమ్మ మీద నీ పేరు వేసుకో అని ఆయనతో అనడమా? ఎవరో దారిన పోయేవాడు అనలేదు. నేర్పిస్తానని డబ్బు తీసుకున్నవాడు అన్నాడు. మాస్టారు ఏమీ అనలేదు. రెండు క్షణాలు తలుపు వైపు చూసి, పక్కకి వచ్చేశారు. మాలో ఒకతను తలుపు మీద గట్టిగా బాదితే ఆయనే చెయ్యి పట్టుకుని ఆపారు.

నడిచి వెళ్దామంటే ఊరి బయట కుక్కల గుంపులు. హాన్లే ఉన్న ఈ చాంగ్‌థాంగ్ ప్రాంతంలో వీధి కుక్కలు ఎంత ప్రమాదమో వెళ్ళినవాళ్ళకి తెలుసు, చీకట్లో అస్సలు పోకూడదు. హోమ్‌స్టే వెనక గోడ పక్కనే ట్రైపాడ్లు దించాం. ముందు కరెంటు స్తంభం, దాని వెనక మా బండి. అదే మా ఫోర్‌గ్రౌండు. మూడున్నరకి తూర్పు తెల్లబడింది.

అసలు సంగతి పొద్దున్న బయటపడింది. హోమ్‌స్టే నడిపే అమ్మ ఆధార్ నంబర్లు రాసుకోవడానికి పుస్తకం తెచ్చింది. మాస్టారు సంతకం పెడుతూ పై పేజీ చూశారు. జ్యేష్ఠ అమావాస్య, దాని ముందు రోజు, రెండు రాత్రులకూ అన్ని గదులూ మా లీడరు పేరు మీదే ఉన్నాయి! రోడ్డు మూసేశారని చెప్పిన ఆ రోజులే. అడిగితే ఆమె హిందీలో మామూలుగా చెప్పింది. "వచ్చారు కదా, అమెరికా వాళ్ళతో. రెండు రాత్రులూ బండి తెల్లవార్లూ తిరిగింది. రోడ్డా? ఏ రోడ్డూ మూయలేదే."

టీ తాగే చోట అందరం కలిసి నిలదీశాం. బుకాయిస్తాడనుకున్నాం. అదీ చేయలేదు. "వాళ్ళు డబుల్ కట్టారండీ, బిజినెస్ అన్నాక అడ్జస్ట్‌మెంట్లు ఉంటాయి" అని బిస్కెట్టు ముంచుకుని తిన్నాడు. మా చీకటి రాత్రులు తీసి ఇంకొకరికి అమ్ముకున్నాడు, మిగిలిన వెన్నెల మా మొహాన పడేశాడు. ఆ అమెరికా నుంచి వచ్చినవాళ్ళని నేనేమీ అనను, వాళ్ళకి ఈ సంగతి తెలిసుండదు. ఇన్‌స్టాలో "మా జూలై బ్యాచ్ ఫలితాలు" అని అతను పెట్టిన ఫొటోలు మాత్రం చూడండి. గొంపా మీద నిలువునా లేచిన మిల్కీవే. జూలైలో వెళ్ళింది మేమే, వాటిలో ఒక్కటీ మాది కాదు.

రెండో రాత్రి హాన్లేలోనే లేం. 5,798 మీటర్ల ఉమ్లింగ్ లా కనుమ దగ్గర రీళ్ళు తీసుకుని, మమ్మల్ని న్యోమాకి దింపేశాడు. గది అక్కడ చౌక అట. వెనక్కి ఇస్తానన్న డబ్బు గురించి అడిగితే ఇప్పటిదాకా నీలం టిక్కులే జవాబు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. రసీదులో తేదీ ఒక్కటే కాదు, హాన్లేలో ఉండే రాత్రుల తిథి కూడా రాయించుకోండి. తేదీ మారితే పూర్తి డబ్బు వెనక్కి అని పక్కనే రాయించుకోండి. సగానికి మించి ముందే కట్టొద్దు. ఏ హోమ్‌స్టేలో దింపుతారో పేరు అడిగి, మీరే ఫోన్ చేసి మీ బుకింగ్ ఉందో లేదో కనుక్కోండి. మన ప్రీపెయిడ్ సిమ్ములు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఒకటి ఉంచుకుంటే ఇలాంటప్పుడు ఎవరి దయా అక్కర్లేదు. ఇంకో సంగతి, హాన్లేలో ఆ ఊరివాళ్ళకే శిక్షణ ఇచ్చి టెలిస్కోపులు ఇచ్చారు. ఆకాశం చూపించడం వాళ్ళ పని. లేహ్‌లో రెండు రోజులుండి, అక్కడి టాక్సీలో నేరుగా వాళ్ళ దగ్గరికే పోవచ్చు, మధ్యలో ఇతను అక్కర్లేదు.

ఇప్పటికే మోసపోయినవాళ్ళు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, టూర్ ఆఫీసు ఉన్న ఊరికి తిరగక్కర్లేదు. వాయిస్ మెసేజులు, యూపీఐ స్క్రీన్‌షాట్లు చెరపొద్దు. మాస్టారు వాంగ్మూలం రాసి సంతకం పెట్టి పంపారు. జ్యేష్ఠ అమావాస్యకి కట్టి తేదీ మార్పించబడ్డవాళ్ళు ఇంకా ఉంటే రసీదు జత చేసి నాకు మెసేజ్ పెట్టండి. సోమవారం లాయరుని కలుస్తున్నాం, ఆలోపు వస్తే మీ పేరూ అదే ఫిర్యాదులో చేరుస్తాం.