దారి ఎలా గుర్తుంచుకోవాలి: మాటగానా, బొమ్మగానా, ఫోన్‌కే వదిలేయాలా?

"నేరుగా వెళ్లి రెండో సందులో ఎడమకి తిరగండి, ట్రాన్స్‌ఫార్మర్ దాటాక కుడికి, అక్కణ్ణుంచి మూడో ఇల్లు." వింటున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. నాలుగడుగులు వేశాక ఫోన్ మోగుతుంది. రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేసరికి ముందు ఎడమా, కుడా అని తికమక. దారిని మనసులో మాటలుగా వల్లె వేసుకుంటున్నాం, అదే చోటికి ఫోన్ మాటలూ వచ్చిపడ్డాయి.

ఇలా అప్పటికప్పుడు పట్టి ఉంచే జ్ఞాపకాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. 1974లో మనస్తత్వ శాస్త్రవేత్తలు అలన్ బాడ్లీ, గ్రాహమ్ హిచ్ ప్రతిపాదించిన నమూనాలో మాటలను తిప్పి తిప్పి అనుకునే భాగం ఒకటి, బొమ్మలనూ చోట్లనూ పట్టుకునే భాగం మరొకటి. రెండూ చిన్నవే. ఒకేసారి నిలిచేవి సుమారు నాలుగు అంశాలేనని 2001లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ లెక్కగట్టాడు.

అందుకే రెండు మూడు మలుపుల దారికి మాటలు చాలు, అంతకు మించితే జారిపోతాయి. ఇంకో పెద్ద ఇబ్బంది తిరిగొచ్చేటప్పుడు తెలుస్తుంది. హైదరాబాద్‌లో గుల్జార్ హౌజ్ నుంచి చార్మినార్‌కి నడిచి వస్తే లాడ్ బజార్ కుడి చేతికి వస్తుంది. మక్కా మసీదు చూసుకుని అదే దారిన వెనక్కి వస్తుంటే ఎడమ చేతికి. "చార్మినార్ దగ్గర కుడి" అని మాత్రమే గుర్తుంచుకున్నవాళ్లు అడుగు ముందుకేసే ముందు ఆ జాబితానంతా మనసులోనే తిరగేసుకోవాలి. దానికీ ఖర్చయ్యేది ఆ కాస్త వర్కింగ్ మెమరీయే.

బొమ్మగా పట్టుకుంటే ఈ బాధ తగ్గుతుంది. కానీ ఏ బొమ్మ అన్నది ముఖ్యం. చార్మినార్ నాలుగు వైపులా ఒకేలా ఉంటుంది, గడియారాలు కూడా నాలుగు దిక్కులా ఉన్నాయి. కాబట్టి మనం ఎక్కడున్నామో చెబుతుంది గానీ ఎటు చూస్తున్నామో చెప్పదు. పక్కన మక్కా మసీదును కూడా కలిపి చూసుకుంటేనే బొమ్మ నిలుస్తుంది.

ఇక ఫోన్. ఒక్కో మలుపే చెబుతుంది కాబట్టి బుర్ర మీద భారం ఉండదు. రాత్రి వానలో, బండి వెనక పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని తెలియని కాలనీకి వెళ్తున్నప్పుడు నేను మరో ఆలోచన లేకుండా ఫోన్‌నే నమ్ముతాను. రోజూ వెళ్లాల్సిన చోటికి మాత్రం వద్దంటాను. 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 24 మంది లండన్ సోహో వీధుల్లో కంప్యూటర్ మీద దారి వెతికారు. సొంతంగా వెతికినప్పుడు కొత్త వీధిలోకి అడుగుపెట్టగానే మెదడులో దారులనూ చోట్లనూ గుర్తుంచుకోవడానికి సాయపడే హిప్పోకాంపస్ అనే భాగం చురుగ్గా పనిచేసింది, సూచనలు వింటూ వెళ్లినప్పుడు ఆ చురుకు కనిపించలేదు. పదిసార్లు వెళ్లొచ్చిన ఇంటికి పదకొండోసారీ ఫోన్ తీయాల్సి రావడం మనలో చాలామందికి అనుభవమే.

అయితే బొమ్మే అందరికీ మేలని తీర్పు చెప్పలేం. ఇటలీలోని పాదువాలో జనాన్ని నిజమైన వీధుల్లో నడిపించి చేసిన పరిశోధన 2002లో వచ్చింది. దారి బాగా పట్టగలమని చెప్పుకున్నవాళ్లను చోట్లను పట్టుకునే భాగాన్ని వాడుకునే, చేతులతో చేయాల్సిన ఒక పని ఎక్కువ ఇబ్బంది పెడితే, అంత పట్టు లేనివాళ్లను నోటితో ఒకే మాట పదేపదే అనడం ఎక్కువ ఇబ్బంది పెట్టింది. అంటే ఈ రెండోవాళ్లు మాటల మీదే ఎక్కువ ఆధారపడ్డారన్నమాట. అలాంటివాళ్ల నుంచి మాటలు లాగేసుకుంటే ఎలా?

వాళ్లకు మా అమ్మ పద్ధతి చెబుతాను. ఆవిడ కుడి, ఎడమ అనదు. "గుడికి తూర్పున, చెరువుకి ఉత్తరాన" అంటుంది. అవీ మాటలే, కానీ తిరిగొచ్చేటప్పుడు తలకిందులు కావు. ఎటు నుంచి వచ్చినా లాడ్ బజార్ చార్మినార్‌కి పడమరే. సాయంత్రం అయిదింటికి అక్కడ నిలబడితే పొద్దు వాలేదీ ఆ వైపే.