గోపాల్‌పూర్ వెళ్తున్నారా? బిల్లు చదవకుండా టిప్పు ఇవ్వకండి

ఒడిశాలో బరంపురం, గోపాల్‌పూర్ చుట్టుపక్కల ఏసీ రెస్టారెంట్లకి వెళ్లే మన తెలుగువాళ్లందరికీ ఈ హెచ్చరిక. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచి ఆదివారాలు బీచ్‌కి వచ్చేవాళ్లు ఇంకాస్త శ్రద్ధగా చదవండి. కొన్నిచోట్ల బిల్లులోనే పది శాతం సర్వీస్ చార్జీ వేసేసి, ఆపైన మళ్లీ మనచేత టిప్పు పెట్టించుకుంటున్నారు. అదేమని అడిగితే "ఒడిశాలో రూల్ ఇంతే" అంటున్నారు. అలాంటి రూల్ ఏదీ లేదు.

మాకు జరిగింది చెబుతాను, హోటల్ పేరు మాత్రం రాయను. మా చెల్లెలి అత్తవారు పర్లాకిమిడి నుంచి వస్తే అందరం కలిసి భోజనానికి వెళ్లాం. రొయ్యల వేపుడు, పీతల కూర, బిర్యానీ, పిల్లలకి నూడిల్స్. తిండి బాగుంది, అందులో వంక పెట్టడానికి లేదు. అంతా అయ్యాక సోంపు, పటికబెల్లం పళ్లెంతోపాటు నల్ల ఫోల్డర్‌లో బిల్లు పెట్టారు. తిన్నవాటి మొత్తం 4,200. దాని కింద 'ఎస్.సి. 10%' అని, అంటే సర్వీస్ చార్జీ, 420. ఆ కింద సీజీఎస్టీ 115.50, ఎస్‌జీఎస్టీ 115.50. అంతా కలిపి 4,851. ఫోల్డర్ రెండో వైపు 'టిప్స్' అని రాసి ఒక క్యూఆర్ కోడ్ అతికించి ఉంది.

రెండు జీఎస్టీ వరుసలకి సరిగ్గా పైన ఆ 'ఎస్.సి.'ని కూర్చోబెట్టడంలోనే ఉంది తెలివంతా. చూసినవాళ్లు అదీ ఏదో గవర్నమెంటు పన్నే అనుకుంటారు. లెక్క వేసి చూడండి. 4,200 మీద 5 శాతం జీఎస్టీ అంటే 210. వాళ్లు వేసింది 231. సర్వీస్ చార్జీని కూడా కలుపుకుని దాని మీద కూడా జీఎస్టీ వేశారు. మన జేబుకి పడ్డ చిల్లు 420 కాదు, 441. దాని మీద టిప్పు కూడా పెట్టి ఉంటే ఒకే పనికి రెండుసార్లు ఇచ్చినట్టు.

కౌంటర్ దగ్గరికి వెళ్లి తీసెయ్యమన్నాను. మేనేజరు తలెత్తకుండానే, "మీ ఆంధ్రాలో వేరు సార్, ఒడిశాలో గవర్నమెంట్ రూల్ ఇదే" అన్నాడు. మా తాతల నాటి నుంచీ మాది బరంపురమే. నోట్లోంచి తెలుగు రాగానే పొరుగు రాష్ట్రం వాళ్లం అయిపోయాం! ఒడియాలో మాట్లాడేసరికి గొంతు మారింది. అప్పుడు ఇంకో పాట మొదలుపెట్టాడు. కంప్యూటర్‌లో తీయడం కుదరదట. ఆ తర్వాత మావాళ్లందరికీ వినపడేలా, "ఇంతమందిని తీసుకొచ్చారు, నాలుగు వందల కోసం ఇదంతా ఎందుకు సార్?" అన్నాడు.

వీళ్ల వ్యాపారం నడిచేది ఇక్కడే. వియ్యాలవారి ముందు బిల్లు చదవడం మనకి నామోషీ. ఎవరు డబ్బు కట్టాలా అని ఇద్దరు ముగ్గురు ఫోల్డర్ లాక్కుంటారు, "మీరుండండి బావగారూ" అంటూ చివరి అంకె మాత్రమే చూసి స్కాన్ చేసేస్తారు. పైన ఏముందో ఎవరూ చదవరు. పెళ్లిచూపులు, పుట్టినరోజు, ఆఫీసు పార్టీ, ఏదైనా ఇదే తంతు. మా చెల్లెలి మావగారు మాత్రం కూర్చున్న చోటి నుంచే "అడుగు బాబూ, తప్పేముంది?" అన్నారు. ఓనరుకి ఫోన్ వెళ్లింది, కుదరదన్న కంప్యూటర్‌లోంచే 4,410కి కొత్త బిల్లు వచ్చింది.

చేతులు కడుక్కునే చోట సర్వర్ కుర్రాడిని అడిగాను, ఆ పది శాతం మీకు పంచుతారా తమ్ముడూ అని. ఛత్రపురం వైపు కుర్రాడు, తెలుగు బాగానే వచ్చు. "మాకు జీతమే సార్. అది మాకు రాదు" అన్నాడు. మరి ఆ టిప్స్ స్కానర్? "అదీ కౌంటర్‌దే." అన్ని హోటళ్లూ ఇలాగే చేస్తాయని అనను, పంచేవాళ్లూ ఉంటారు. కానీ మన ఎదురుగా నాలుగుసార్లు నీళ్లు పోసి, పీత డొల్లలు తీసి బల్ల తుడిచిన మనిషికి అందిందో లేదో మనకి తెలిసే దారి లేదు. అందుకే ఇవ్వాలనుకున్న రెండొందలు అతని చేతిలోనే పెట్టాను.

ఇప్పుడు రూల్ సంగతి. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అదే సీసీపీఏ, మార్గదర్శకాలు ఇచ్చింది. సర్వీస్ చార్జీని బిల్లులో దానంతట అదే వేయకూడదు. పేరు మార్చి ఇంకోలా వేయకూడదు. కాబట్టి 'స్టాఫ్ కాంట్రిబ్యూషన్' అని రాసినా అదే కథ. అది కస్టమర్ ఇష్టమని ముందే చెప్పాలి. ఇవ్వనన్నవాళ్లని లోపలికి రానివ్వకపోవడం కుదరదు. తిండి బిల్లులో కలిపి దాని మీద జీఎస్టీ వేయడం కూడా కుదరదు. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకి వెళ్లాయి, కొన్నాళ్లు స్టే కూడా నడిచింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఈ మార్గదర్శకాలు సరైనవేనని తీర్పు ఇచ్చింది. ఇవి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వచ్చినవి, దేశమంతటికీ ఒకటే. ఇచ్ఛాపురం సరిహద్దు గేటు దాటగానే మారిపోయేవి కావు.

టిప్పు ఎంత అనేదానికి చట్టం లేదు. ఏసీ హోటల్లో పని నచ్చితే అయిదు నుంచి పది శాతం ఇవ్వడం వాడుక, టిఫిన్ హోటల్లో పదో ఇరవయ్యో. నచ్చకపోతే ఇవ్వకండి, అంతే. లెక్క వేసేటప్పుడు పన్నులు కలిపిన మొత్తం మీద కాకుండా తిన్నదాని మీద వేసుకోండి. ఆర్డర్ రాసుకున్న కెప్టెన్ చేతిలోనే అంతా పెట్టేస్తే వడ్డించినవాడికి చేరకపోవచ్చు. కార్డు గీకేటప్పుడు కొన్ని మిషన్లు టిప్పు ఎంత అని అడుగుతాయి. పిన్ కొట్టేముందు తెర మీది అంకె మీరే చదవండి, మిషన్ వాళ్ల చేతిలో ఉంచి కాదు.

రాయగడ మజ్జిగౌరమ్మ గుడికి, జయపురం, కోరాపుట్ వైపు తిరిగేవాళ్లకి ఇంకో మాట. దారిలో చిన్న హోటల్ వాళ్లు బిల్లు మీద జీఎస్టీ అని రాస్తే జీఎస్టీ నెంబరు కూడా ఉందో లేదో చూడండి. ఒడిశాలో రిజిస్టర్ అయినవాళ్ల నెంబరు 21తో మొదలవుతుంది, మొత్తం పదిహేను అక్షరాలు, అంకెలు. కాంపోజిషన్ స్కీంలో, అంటే చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను తామే కట్టే పద్ధతిలో, ఉన్నవాళ్లయితే కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేయడానికే లేదు. నెంబరును జీఎస్టీ పోర్టల్‌లో కొడితే ఏ రకమో అక్కడే తెలిసిపోతుంది. నెంబరు లేకుండా పన్ను వేస్తే ఆ డబ్బు ఎక్కడికి పోతుందో మీరే ఆలోచించండి.

సర్వీస్ చార్జీ తీయమని గట్టిగా అడిగినా తీయకపోతే, పిల్లలతో ఉన్నప్పుడు అక్కడే కూర్చుని పోట్లాడక్కర్లేదు. డబ్బు కట్టి, ఆ వరుస కనిపించే అచ్చు బిల్లు తీసుకోండి. చేతిరాత చీటీ ఇస్తే వద్దనండి. అచ్చు బిల్లు మీద అక్షరాలు కొన్నాళ్లకి మాసిపోతాయి, వెంటనే ఫోటో తీసుకోండి. డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్ కూడా ఉంచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు. జిల్లా కలెక్టర్‌కీ రాయొచ్చు.

వనభోజనాలకి బస్సు కట్టుకుని వచ్చేవాళ్లు ముందే మాట్లాడుకోవడం మేలు. ప్లేటు ఎంత, సర్వీస్ చార్జీ ఉందా లేదా అని అడిగి, లేదంటే ఆ మాట వాట్సాప్‌లో రాసి పంపమనండి. అది చేతిలో పడ్డాకే అడ్వాన్స్ వేయండి.