స్వర్ణ వరి అని చెప్పి కల్తీ బెరకు అంటగట్టాడు, విత్తనం కొనేవాళ్ళు జాగ్రత్త

ఇప్పుడే ఆ షాపు నుంచి వచ్చానండి, ఇంకా ఒళ్ళు మండిపోతోంది, తప్పులుంటే ఏమనుకోకండి. ఏ షాపో మన కోనసీమోళ్ళకి నేను చెప్పక్కర్లేదు. సార్వాకి (ఖరీఫ్‌కి) స్వర్ణ అని నాలుగు బస్తాల విత్తనం తెచ్చా. స్వర్ణ అంటే 7029 రకం, 145, 150 రోజుల పంట కదా, నా చేలో పావొంతు నెల ముందే ఈనేసింది, గింజ చూస్తే సన్నగా పొడుగ్గా, తక్కువ రోజుల్లో పండే 1010 రకం కలిపాడనే నా అనుమానం. పక్క చేను బావ అప్పుడే అన్నాడు, కేళీలు, అంటే ఆ వేరే రకం మొక్కలు, పీకించరా అని. కూలి దండగ అనుకుని ఊరుకున్నా. మహా తెలివి.

మిషను అంతా కలిపి కోసేసింది. కాలవగట్టు రోడ్డు మీద ఆరబోసి మాశ్చర్, అంటే తేమ శాతం, చూపిస్తే ఒక చోట 14, రెండు బారల అవతల 22. ధాన్యం కొనుగోలు కేంద్రంలో 17 దాటితే తీసుకోరు. సరే పచ్చిది ఆరాలని ఇంకో మూడ్రోజులు ఎండబెట్టి, రాత్రి కుప్ప చేసి బరకం కప్పుతుంటే ఆ పచ్చి గింజల చెమ్మంతా ఎండిన గింజలు లాక్కుని లోపల్లోపలే చిట్లిపోయాయి. అరిచేతిలో నలిపి ఊదితే మిగిలింది నూక. మిల్లరు గారు నవ్వేశారు.

గుప్పెడు ధాన్యం జేబులో వేసుకుని షాపుకెళ్ళా. కౌంటరు మీద పోసి చూడండి బాబూ అన్నా. విత్తనం అమ్మిన రోజు ఏవండోయ్ రండి రండి అని కూల్ డ్రింకు తెప్పించిన మనిషి, ఫోన్లోంచి తల ఎత్తలేదు. "ఎండబెట్టడం చేతకాక మా విత్తనం మీద పడతావేంటయ్యా, బిల్లుందా?" అన్నాడు. బిల్లెక్కడిది, బస్తాకి వందా తగ్గుద్దని తెల్ల కాగితం మీద రాయించుకుంది నేనే కదా. తర్వాత కుర్రాడిని పిలిచి నా కళ్ళముందే ఆ గింజలు చీపురుతో తుడిపించేశాడు. ఆరు నెలల కష్టం, చెత్తబుట్టలోకి. నోట మాట రాలేదు, మెట్లు దిగి వచ్చేశా.

ఇంటికొచ్చి సంచులు వెతికితే నీలం ట్యాగు ఒక్కదానికీ లేదు, ఆకుపచ్చదే. సర్టిఫైడ్ అయితే నీలం ఉంటది, నూటికి 98 వంతులు అదే రకం ఉండాలి. ఆకుపచ్చది కంపెనీవాడు తనకి తాను రాసుకున్న లేబుల్. ఇది నాకు తెలీదనుకుంటున్నారా, తెలుసు, చూళ్ళేదంతే.

దాళ్వాకి (రబీకి) కొనేవాళ్ళు బిల్లు తీసుకోండి, ట్యాగు, గుప్పెడు విత్తనం దాచుకోండి. ఉంటానండి, మబ్బేసింది, బరకం కప్పాలి.