మా ముత్తాత శిస్తు రశీదు పట్టుకుని ఆరేళ్ళు: చిత్తూరు, తిరుపతి గ్రంథాలయాల్లో నా అనుభవం

మా జేజి (నాయనమ్మ) పోయినాక ఆమె ట్రంకుపెట్టె అడుగున ఒక శిస్తు రశీదు దొరికింది. అరచేయంత కాగితం, మడతల దగ్గర చీలిపోయి ఉంది. పైన మా ముత్తాత పేరు, కింద జమీందారీ ముద్ర, ఓ మూల "ఫ. ౧౩౩౧". ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మొదటిసారి గ్రంథాలయంలో పాత పుస్తకాల బీరువా ఎక్కడుందని అడిగాను. అది ఆరేళ్ళ కిందటి మాట. అప్పటినుంచి చిత్తూరులో, తిరుపతిలో కలిపి మూడు గ్రంథాలయాలకు నెలకు రెండుసార్లైనా పోతున్నాను. సొంత వంశం గురించో, ఊరి గురించో వెతుక్కోవాలనుకునేవాళ్ళకి ఇవి ఎంతవరకు పనికొస్తాయో చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, గ్రంథాలయంలో తాతముత్తాతల పేర్లు దొరకవు. దొరికేది ఊరు. ఆ ఊరు ఏ కాలంలో ఏ తాలూకా కింద ఉంది, జమీందారీదా సర్కారుదా, ఏ జిల్లా కచేరీకి శిస్తు పోయేది అన్నది తెలుస్తుంది. అది తేలితేగానీ పేర్లున్న రికార్డు కోసం ఏ ఆఫీసుకి పోవాలో అర్థం కాదు. నాకు ఈ సంగతి తలకెక్కడానికి మూడు నెలలు పట్టింది.

మొదటిరోజు నేను ఇంటిపేరు చెప్పి, మా వాళ్ళ గురించి ఏమైనా పుస్తకం ఉందా మేడం అని అడిగాను. లైబ్రేరియన్ గారు చేతిలో పని ఆపి, "ఇంటిపేరుతో ఏమీ దొరకదమ్మా. మీ ఊరు ఏది? 1911కి ముందు ఏ జిల్లాలో ఉండేది?" అన్నారు. అప్పటిదాకా చిత్తూరు జిల్లా ఎప్పటినుంచో ఉందనే అనుకున్నాను. అది ఏర్పడిందే 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చిత్తూరు పట్నం ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్నం. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లావి. అందుకని మదనపల్లె వైపు వాళ్ళు 1875లో గ్రిబుల్ రాసిన కడప మాన్యువల్ (దొరల కాలంలో జిల్లా వివరాలన్నీ రాసిన పుస్తకం) చూడాలి, కార్వేటినగరం పక్క ఊరివాళ్ళం మేము ఉత్తర ఆర్కాటు మాన్యువల్ చూడాలి. తర్వాత 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది. ఊరు ఉన్నచోటే ఉంది కానీ దాని కాగితాలు ఇన్ని చోట్లకి చెదిరిపోయాయి. ఈ వరుసంతా ఆ మేడం ఒక చీటీ వెనక రాసిచ్చారు. ఆ చీటీ ఇప్పటికీ నా నోట్‌బుక్కులోనే ఉంది.

రశీదు మీద అంకెను నేను మొదట రూపాయలనుకున్నాను. తెలుగు అంకెలు చదవడం కూడా రాదు నాకు. రోజూ పొద్దున్నే పేపరు చదవడానికి వచ్చే ఒక పెద్దాయన ఉన్నారు, వాళ్ళ నాన్న కర్ణం. ఆయన కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "ఇది రూపాయలు కాదమ్మా, ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం. 1331. దీనికి 590 కలుపు" అన్నారు. కలిపితే 1921. ఫసలీ జులైలో మొదలై మరుసటి జూన్‌తో ముగుస్తుంది కాబట్టి 1921-22. పాత పట్టా, అడంగలు, రశీదు ఏది చేతిలోకి తీసుకున్నా నేను ముందు చేసేది ఆ కూడికే.

ఆ ఒక్క తేదీతో మా ఇంట్లో ఎప్పటినుంచో నలిగే మాట ఒకటి తేలింది. "మనోళ్ళు ధాత కరువులో ఈ ఊరికొచ్చినారు" అని జేజి చెప్పేది. ధాత నామ సంవత్సరం అరవై ఏళ్ళకోసారి వస్తుంది. 1876-77 ఒకటి, 1936-37 ఒకటి. మా పెదనాన్న రెండోదే అనేవారు. కానీ 1921లోనే మా ముత్తాత ఆ ఊళ్ళో శిస్తు కట్టాడు. అంటే జేజి చెప్పింది 1876 నాటి మహాకరువు. ఆమెకి ఆ మాట వాళ్ళ అత్తగారు చెప్పి ఉంటారు.

ఆ కరువు గురించే ఉత్తర ఆర్కాటు మాన్యువల్ అడిగాను. 1881లో ఏ.ఎఫ్. కాక్స్ రాసింది, 1895లో హెచ్.ఏ. స్టూవర్ట్ సవరించి రెండు సంపుటాలు చేశాడు. అటెండర్ అన్న తాళం తీసి తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు అట్ట నుంచి ఎర్రటి పొడి రాలింది. కాగితం బాగా కాగిన టీ రంగులో ఉంది. వేలితో తిప్పితే అంచు విరిగిపోతుందని ఒక పోస్టుకార్డు అడుగున దూర్చి తిప్పమని అన్న చూపించాడు. 1871 లెక్కల్లో 20 లక్షలు దాటిన జిల్లా జనాభా 1881కి 18 లక్షల చిల్లరకు పడిపోయింది. పదేళ్ళలో పెరగాల్సిన జనం అంత తరిగారు. జేజి ఒక్క వాక్యంలో చెప్పేసి వక్క నములుకుంటూ లేచిపోయేది. ఆ అంకెల ముందు నేను చాలాసేపు కదల్లేకపోయాను.

ఇంగ్లీషు పుస్తకాల్లో ఊరి పేర్లు మాత్రం బాగా తిప్పలు పెడతాయి. తిరుపతి "ట్రిపెట్టీ" అని ఉంటుంది. కంపెనీ కాలం నాటి పుస్తకాల ఇండెక్సుల్లో కార్వేటినగరం కోసం ఎంత వెతికినా కనబడలేదు, ఎందుకంటే అది "బొమ్రౌజ్" కింద ఉంది, అంటే కార్వేటినగరం పాలెగాళ్ళ బొమ్మరాజు పాళెం. మీ ఊరి పేరును ఒక తెల్లదొర చెవికి ఎలా వినబడి ఉంటుందో ఐదారు రకాలుగా రాసుకుని పొండి.

మాన్యువల్ స్కాన్ నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది కదా అని మా అబ్బాయి అన్నాడు. దొరుకుతుంది, నేనూ వాడతాను, ఒక మాట వెతకడానికి అదే సుఖం. కానీ నేను చూసిన స్కాన్‌లో మడత మ్యాపును విప్పకుండానే ఫొటో తీసేశారు. బల్ల మీద అసలు పుస్తకం విప్పుకుంటేనే జమీందారీ హద్దు కంటికి ఆనింది.

ఆ హద్దు అంత ముఖ్యమా అంటే, ముఖ్యమే. సర్కారు ఊళ్ళలో రైతుల లెక్కలు ప్రభుత్వం రాయించింది. జమీందారీ ఊళ్ళలో ఆ లెక్కలు జమీందారు కచేరీవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నాకే మా వైపు సర్వే, సెటిల్‌మెంట్ (పొలాలకు శిస్తు ఖాయం చేయడం) జరిగాయి. నేను ఒక ఆఫీసు చుట్టూ ఏడాది తిరిగి, మా ఊరికి 1900 నాటి సెటిల్‌మెంట్ రిజిస్టర్ ఇవ్వమని అడిగాను. లేనిదాన్ని అడిగానని అక్కడ ఒక్కరూ చెప్పలేదు, రేపు రమ్మన్నారు, ఎల్లుండి రమ్మన్నారు. గ్రంథాలయంలో ఆ చట్టం పుస్తకం చదివాకే విషయం బోధపడింది.

మీ పూర్వీకులకు ఊరి కొలువుకో, గుడి సేవకో మాన్యం ఉండి ఉంటే మీ దారి మాకంటే సులువు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇలాంటి మాన్యాల లెక్క తేల్చడానికి ఇనాం కమిషన్ వేసింది. ఆ కమిషన్ రాయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో అనుభవదారుల పేర్లు, వయసులు కూడా ఉంటాయి. అవి గ్రంథాలయాల్లో ఉండవు, కానీ అలాంటివి ఉన్నాయని నాకు తెలిసింది అక్కడే. తిరుపతి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళయితే దేవస్థానం 1930ల్లో వేసిన శాసన సంపుటాలు తప్పకుండా తిరగేయండి. శాసనాలు ఎక్కువ తమిళంలోవే అయినా కింద ఇంగ్లీషు అనువాదం ఉంది. గుడికి రాసిచ్చిన ఊళ్ళ పేర్లు, కాలవల పేర్లు కనిపిస్తాయి.

ఇక బాధపెట్టిన సంగతులు. ఒకచోట పాత బీరువా తాళం ఒక్కరి దగ్గరే ఉంటుంది, ఆయన సెలవు పెడితే ఆ రోజు పని పోయినట్టే. రిజిస్టర్‌లో ఉన్న పుస్తకం అరలో ఉండదు. ఒక సంపుటంలో నాకు కావలసిన తాలూకా పేజీలే ఎవరో బ్లేడుతో కోసుకుపోయారు. ఆ రోజు ఏడుపొచ్చింది. ఇంకోచోట పాత తెలుగు వారపత్రికల కట్టలు తూకానికి వేశారని తెలిసి రెండు రోజులు నిద్ర పట్టలేదు. వాటిలో మన ఊళ్ళ సంతలు, జాతరలు, సంఘాల కబుర్లు ఉండేవి, అవి మళ్ళీ ఎక్కడా దొరకవు. మన ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ డబ్బులో కొంచెం పెట్టి ఈ పాత కాగితాలన్నిటినీ స్కాన్ చేయించమని ప్రతి ఏడూ అర్జీ రాసిస్తున్నాను.

కూర్చోవడానికి చోటు కష్టం. గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదివే పిల్లలు తలుపు తీసేసరికే వచ్చేస్తారు. వాళ్ళకది బతుకుదెరువు, నేను ఏమీ అనను. వేళ తప్పించి మధ్యాహ్నం పోతాను. శుక్రవారం సెలవు అన్నది మర్చిపోయి దూరం నుంచి రాకండి. పెన్సిల్ తీసుకుపొండి, పెన్ను వద్దు. ఫోన్‌తో ఫొటోలకు ముందే అడిగితే నాకు ఎవరూ కాదనలేదు.

మొత్తం మీద నేను ఈ చోట్లకి ఐదుకి నాలుగు ఇస్తాను. పోయిన ఆ ఒక్కటీ కోసుకుపోయిన పేజీలకీ, తూకానికి పోయిన కట్టలకీ.

పోయిన నెల 1951 జనాభా లెక్కల చిత్తూరు జిల్లా హ్యాండ్‌బుక్కు దొరికింది. అప్పటికి తిరుత్తణి ఇంకా మన జిల్లాలోనే ఉంది కాబట్టి జేజి పుట్టినూరు అందులో ఉండాలి. తాలూకా పేజీలు వరుసగా చూసుకుంటూ పోతే, తమిళం పలుకుబడితో రాసిన ఒక పేరు దగ్గర వేలు ఆగింది. బయటికి పోయి మేనత్తకి ఫోన్ చేసి ఆ పేరు చదివాను. అత్త కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అమ్మ ఆ ఊరిని అట్లే పలికేదే అమ్మాయ్" అంది. సంక్రాంతి అయినాక ఇద్దరం తిరుత్తణి బస్సెక్కుతున్నాం.