ఏరో ఇండియానా, స్పేస్ ఎక్స్‌పోనా: మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఏది మేలు?

"అన్నా, మొదటిసారి పోతున్నాం, ఏరో ఇండియాకు పోవాల్నా, స్పేస్ ఎక్స్‌పోకు పోవాల్నా?" అని మా అనంతపురం జూనియర్లు ఈ నెలలోనే ఐదారుగురు అడిగారు. మొదటిది ఐదు రోజుల విమానాల ప్రదర్శన, రెండోది అంతరిక్ష కంపెనీల ప్రదర్శన, రెండూ బెంగళూరులోనే. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

ప్రయాణం వరకైతే మనకు ఏరో ఇండియాయే సుఖం. బెంగళూరు బస్సెక్కితే ఊళ్ళోకి పోకముందే యలహంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ హైవే పక్కనే వస్తుంది (ఆ ఐదు రోజులూ ఆ రోడ్డు మీద ట్రాఫిక్ సంగతి వేరే). ఎక్స్‌పో జరిగే బీఐఈసీ (ప్రదర్శనలు పెట్టే పెద్ద హాళ్ళ ప్రాంగణం) తుమకూరు రోడ్డులో ఉంది, మెజెస్టిక్‌లో దిగి మాదావర మెట్రో పట్టుకోవాలి.

ఖర్చు దగ్గర నేను దెబ్బతిన్నా. 2025 ఏరో ఇండియాకు వెయ్యి, రెండున్నర వేలు, ఐదు వేల టికెట్లు ఉంటే చవక కదా అని వెయ్యిది కొన్నా. అది ఎగిరే విమానాలు చూడ్డానికే, స్టాళ్ళున్న హాళ్ళలోకి పనికిరాదు, ఆ వివరం చదవని తప్పు నాదే. ఎయిర్‌ఫోర్స్ సూర్యకిరణ్ జట్టు విన్యాసాలు, రష్యా యుద్ధవిమానం సుఖోయ్-57 చూసి మెడనొప్పితో ఇంటికొచ్చా. రెండున్నర వేలు పెట్టి లోపలికి పోయిన మా రూమ్మేటుకైనా ఒరిగింది తక్కువే. మొదటి మూడు రోజులు వ్యాపారులవి, మామూలు జనానికి చివరి రెండు రోజులే, ఆ తోపులాటలో స్టాల్ మనిషి బ్రోచర్ చేతిలో పెట్టి పక్కవాళ్ళ వైపు తిరిగిపోతాడు.

నా లెక్కలో అసలు సంగతి ఇదే: స్టాల్లో ఇంజనీరుకు మనతో మాట్లాడే తీరిక ఉంటుందా, ఉండదా? అంతకుముందు 2024 సెప్టెంబరులో ఎక్స్‌పోకు పోయినప్పుడు ఒక చిన్న కంపెనీ స్టాల్లో రాకెట్ ట్యాంకు గోడ ముక్క పెట్టారు, లోపలివైపంతా త్రికోణాల గళ్ళు. ఎందుకిలా అని అడిగితే ఆయన కుర్చీ లాగి కూర్చోబెట్టి, మందపాటి అల్యూమినియం పలకను బరువు తగ్గడానికి చెక్కేస్తారని, గట్టిదనం పోకుండా పక్కటెముకల్లాంటి ఆ గీతలు వదిలేస్తారని, గోడ పలచబడేకొద్దీ చెక్కే కట్టర్ కింద అది వణకడమే పెద్ద తలనొప్పని అరగంట చెప్పాడు. నా ఫైనలియర్ ప్రాజెక్టు అక్కడే దొరికింది. జెట్ల మోత మధ్య ఈ మాటలు నడవవు.

కర్నూలు వాళ్ళకు హైదరాబాద్ దగ్గర కాబట్టి బేగంపేటలో వింగ్స్ ఇండియా ఉంది, అదంతా పౌర విమానయానం. కడప వాళ్ళు శ్రీహరికోట గ్యాలరీ గురించి అడుగుతున్నారు, రాకెట్ లేస్తుంటే చూడ్డానికి బాగుంటుంది, కానీ అది ఇలాంటి ప్రదర్శన కాదు.

గత రెండుసార్లూ సెప్టెంబరులో ఎక్స్‌పో అయితే, ఐదు నెలలకు ఫిబ్రవరిలో ఏరో ఇండియా వచ్చింది. కాబట్టి డబ్బులుంటే ఆ వరసలోనే రెండూ చూడండి. వెయ్యి టికెట్టే కొంటామంటారా, ఎండకు టోపీ మర్చిపోకండి.