సెప్టమ్ కుట్టించుకున్నాను: స్టూడియో, రింగు, సెలైన్ స్ప్రే మీద నా రివ్యూ

నేను ఆపరేషన్ థియేటర్ నర్సుని. శుభ్రత గురించి మాటలు చెప్పేవాళ్లెవరో, చేతల్లో పాటించేవాళ్లెవరో ఇట్టే తెలిసిపోతుంది నాకు. అందుకే సెప్టమ్, అంటే ముక్కు రంధ్రాల మధ్య గోడ, కుట్టించుకోవాలని అనిపించినప్పుడు రింగుల డిజైన్ల జోలికి పోకుండా ముందు కుట్టే మనిషి (పియర్సర్) గురించి వాకబు చేశాను. పుండు పూర్తిగా మానాకే ఇది రాస్తున్నాను. స్టూడియోకి ఐదుకి నాలుగున్నర స్టార్లు ఇస్తాను. అర స్టారు ఎందుకు తగ్గించానో కింద చెప్తాను.

నాకు బాగా నచ్చింది సూది తీయకముందు పియర్సర్ ఆవిడ పడిన శ్రమ. టార్చి వేసి ముక్కులోపల చూసింది. తర్వాత గ్లవ్స్ తొడిగిన రెండు వేళ్లతో ముక్కు రంధ్రాల మధ్య గోడని పట్టుకుని, నెమ్మదిగా కిందికీ పైకీ తడుముతూ చాలాసేపు ఉంది. ఆ గోడలో ఎక్కువ భాగం మృదులాస్థి. దాన్ని గుచ్చకూడదు. మృదులాస్థి అంచుకీ, ముక్కు కింద బయటికి కనపడే కండకీ మధ్య పల్చటి పొర ఒకటి ఉంటుంది. పియర్సర్లు స్వీట్ స్పాట్ అనేది దాన్నే. కొందరికి అది వెడల్పుగా ఉంటుంది, కొందరికి సన్నగా ఉంటుంది, కొందరికి సూది పట్టేంత చోటే ఉండదు. సెప్టమ్ కుట్టించుకుంటే ప్రాణం పోయినంత నొప్పి పుట్టిందని ఎవరైనా అంటే, సూది మృదులాస్థిలోంచి వెళ్లిందేమోనని నాకు అనుమానం వస్తుంది.

"మీ ముక్కు దూలం కాస్త ఎడమకి వంగిందండీ. లోపలి గోడని నమ్ముకుని గుచ్చితే రింగు పక్కకి వాలుతుంది. బయటి ఆకారం చూసుకుని గుర్తు పెడతాను" అంది. "చోటు చాలకపోతే ఏం చేస్తారు?" అని అడిగాను. "చెయ్యనని చెప్పేస్తాను" అంది. ఆ ఒక్క మాటతో నాకు ధైర్యం వచ్చింది.

రెండు వైపులా చుక్కలు పెట్టింది. నన్ను తల వెనక్కి వాల్చమని కింద నుంచి చూసింది, నిటారుగా కూర్చోమని ఎదురుగా చూసింది. నచ్చలేదు, తుడిచేసి మళ్లీ పెట్టింది. అద్దం నా చేతికిచ్చి, నేను సరేనన్నాకే ముందుకి కదిలింది. ఈ గుర్తు దగ్గర తొందరపడే పియర్సర్ దగ్గరికి వెళ్లొద్దు. వెంట్రుకవాసి తేడా వచ్చినా అది ముఖం మధ్యలోనే కనపడుతుంది మరి.

ఇక నా వృత్తికి సంబంధించిన సంగతులు. సూది ఒక్కసారి వాడి పారేసేది, కవరు నా కళ్లముందే చించింది. పనిముట్ల పౌచ్ మీద ఆటోక్లేవ్ (ఆవిరి వేడితో క్రిముల్ని చంపే యంత్రం) గుర్తు రంగు మారి ఉంది. ఆ యంత్రం నిజంగా క్రిముల్ని చంపుతోందో లేదో చూసే స్పోర్ టెస్ట్ చేయిస్తారా అని అడిగితే నొచ్చుకోకుండా రికార్డు తెచ్చి చూపించింది. అన్నిటికన్నా నన్ను మెప్పించింది ఇది: మధ్యలో లైటు సరిచేయడానికి చెయ్యి చాపింది, వెంటనే గ్లవ్స్ తీసేసి కొత్తవి వేసుకుంది. ఎవరూ అడగకుండానే. పియర్సింగ్ గన్‌తో పని కానిచ్చే చోట్ల ఇదంతా ఆశించలేం. మామూలుగా దొరికే ప్లాస్టిక్ గన్ ఆటోక్లేవ్ వేడికి తట్టుకోదు, పైగా అది మొద్దు కొసని బలవంతంగా దూరుస్తుంది. ముక్కు లోపలికి దాన్ని రానివ్వకండి.

నొప్పి సంగతి: ఊపిరి వదలమంది, వదిలేలోపు సూది దాటిపోయింది. కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. అది ఏడుపు కాదు, ముక్కులోపల గుచ్చితే కళ్లు వాటంతటవే స్పందిస్తాయి. తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్లు ముక్కు కొన తాకితే సలుపు, నవ్వినా తెలిసేది. అంతకుమించి బాధ లేదు.

వేసింది గుర్రపు నాడా ఆకారపు టైటానియం రింగు, 16 గేజ్, అంటే 1.2 మిల్లీమీటర్ల మందం. శరీరంలో అమర్చే ఇంప్లాంట్లకి వాడే ఏఎస్‌టీఎం ఎఫ్136 రకం అని సర్టిఫికెట్ చూపించారు. అందులో నికెల్ కలపరు. కొత్త పుండులోకి పూత వేసిన నగలు పనికిరావు, పూత లేచిపోతే అడుగు లోహం కండకి తగులుతుంది. ఉత్త "సర్జికల్ స్టీల్" అన్న మాట చూసి కూడా కొనకండి, ఏ గ్రేడో అడగండి. రింగు చివర గుండ్లు బిగించే మర బయట కాకుండా లోపల ఉండటం ఇంకో మంచి విషయం: దూర్చేటప్పుడు మర పళ్లు లోపల గీరవు. డ్యూటీలో మాస్కు రాసుకుంటుందని చెప్తే, రింగుని మొదటి రోజే లోపలికి తిప్పి పెట్టింది. "మానేదాకా అలాగే ఉంచండి, రోజూ కిందికీ పైకీ తిప్పకండి" అంది.

సెలైన్ స్ప్రేకి ఐదుకి ఐదు. డబ్బా మీద రెండే ఉండాలి: నీళ్లు, 0.9 శాతం సోడియం క్లోరైడ్. స్టెరైల్ అని రాసి ఉండాలి. కాంటాక్ట్ లెన్స్ ద్రావణం దీనికి బదులు కాదు, జలుబు మందు కలిసిన ముక్కు స్ప్రే అసలే కాదు. ఇంట్లో ఉప్పు కలిపితే పాళ్లు కుదరక ఎక్కువైతే కండ ఎండిపోతుంది. నాకు డ్యూటీలో స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, అయోడిన్ అన్నీ చేతికందే దూరంలోనే ఉంటాయి. ఒక్కటీ వాడలేదు. అవి మానే కండని కూడా దెబ్బతీస్తాయి.

పొద్దునా రాత్రీ సబ్బుతో చేతులు కడుక్కుని స్ప్రే కొట్టేదాన్ని. రసి ఆరి రింగు చుట్టూ లేతపసుపు పక్కులు కడతాయి. గోటితో గీకితే కొత్త చర్మం కూడా ఊడొస్తుంది. అందుకే అవి నాని మెత్తబడేదాకా ఆగి, గాజ్ (కట్టు కట్టే పల్చటి గుడ్డ) మడత అంచుతో తీసేదాన్ని. దూది వద్దు, పోగులు రింగుకి చుట్టుకుంటాయి. తర్వాత తడి లేకుండా అద్దాలి. రింగుని గుండ్రంగా తిప్పమని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. తిప్పితే ఎండిన పక్కు పుండులోకే పోతుంది.

ఇప్పుడు ఆ అర స్టారు. స్టూడియో ఇచ్చిన జాగ్రత్తల కాగితంలో జలుబు గురించి ఒక్క ముక్క లేదు. ముక్కులో పుండు పెట్టుకున్న మనిషికి అదే కదా ముందు కావాల్సింది! మానకముందే నాకు జలుబు చేసింది. ఫోన్ చేస్తే ఓపిగ్గానే చెప్పారు: ముందు సెలైన్ కొట్టి వదులు చెయ్యాలి, ఒక్కో రంధ్రం నుంచి మెల్లగా చీదాలి, ప్రతిసారీ కొత్త టిష్యూ తీసుకోవాలి. రింగు చివరి గుండ్లు బిగువుగా ఉన్నాయో లేదో శుభ్రమైన చేత్తో అప్పుడప్పుడూ చూసుకోమన్నది కూడా ఫోన్‌లోనే. ఇవి కాగితంలో ఉండాల్సినవి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో మాత్రం కాగితంలో చక్కగా రాశారు. ఎరుపు, వేడి, వాపు తగ్గకుండా పెరుగుతుంటే, చిక్కటి చీము వస్తే, జ్వరం తగిలితే ఆగకూడదు. దానికి నేను కలిపేది ఒకటుంది. మధ్య గోడ ఉబ్బి ముక్కు మూసుకుపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. గోడ పొర కింద రక్తమో చీమో చేరితే మృదులాస్థికి పోషణ అందక ముక్కు ఆకారమే కుంగిపోవచ్చు. రింగు మీరే పీకేయకండి. రంధ్రం మూసుకుంటే చీము లోపలే ఉండిపోతుంది.

మానడానికి సాధారణంగా రెండు మూడు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ. నేను తొందరపడలేదు. మానాక అదే స్టూడియోకి వెళ్లి, 8 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న టైటానియం క్లిక్కర్ (కీలుతో తెరుచుకుని, నొక్కితే మూసుకునే రింగు) వేయించుకున్నాను. మొదటి మార్పిడి పియర్సర్ చేత్తో జరగడమే మేలు. క్లిక్కర్ చాలా సుఖంగా ఉంది, పోగొట్టుకోవడానికి గుండ్లు లేవు. కాకపోతే దాని కీలు దగ్గర జిడ్డూ మృతకణాలూ చేరి కాస్త వాసన వస్తుంది. స్నానంలో గోరువెచ్చటి నీళ్లు రింగు మీదుగా పోనిస్తే పోతోంది.